లాక్రోస్ పిల్లలకు రౌండ్లు తగ్గించండి, ఆగడం నేర్పండి

మాస్టారూ, ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పేస్తాను, చదివే మిగతావాళ్ళకీ సంగతి తెలుస్తుంది. విజయనగరం దగ్గర హైస్కూలు గ్రౌండు. పదిహేను నుంచి పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లలు పదహారు మంది, అందులో ఏడుగురు ఆడపిల్లలు. సగం మంది కబడ్డీ నుంచి, నలుగురు ఖోఖో నుంచి, మిగతావాళ్ళు 400, 800 మీటర్ల పరుగు నుంచి లాక్రోస్‌కి, అంటే కొసన వల ఉన్న స్టిక్‌తో బంతి పట్టి విసిరి గోల్ కొట్టే ఆటకి, వచ్చారు. రోజూ పొద్దున పది రౌండ్లు, వంద సిటప్‌లు, రెండొందల స్కిప్పింగ్ చేయిస్తున్నారు. అయినా మూడో క్వార్టర్‌కి కాళ్ళు కదలడం లేదు. ఇద్దరికి తొడ వెనక పట్టేసింది, నలుగురికి కాలి ముందు ఎముక నొప్పి. షాట్‌లో జోరు లేదు. సిక్సెస్, అంటే ఆరేసి మంది ఆడే లాక్రోస్, టోర్నమెంటుకి పన్నెండు వారాలు ఉంది. జిమ్ము లేదు, ఒక పాత బారూ ఎనభై కిలోల ప్లేట్లూ ఉన్నాయి.

పొద్దున రౌండ్లు ఆపేయండి. మీ పిల్లలకు దమ్ము చాలినంత ఉంది, లేనిది బ్రేకు. మీరు రాసిన నాలుగు ఇబ్బందుల్లో మూడు అక్కడినుంచే పుడుతున్నాయి. షాట్ కూడా దానికి సంబంధించినదే, అదెలాగో కింద చెబుతాను.

మన జిల్లాల్లో ఫిట్‌నెస్ అనగానే ఆర్మీ రిక్రూట్‌మెంట్ 1600 మీటర్ల పరుగే గుర్తొస్తుంది. తెల్లారకుండానే రోడ్డు పక్కన లగెత్తే కుర్రాళ్ళని చూసీ చూసీ అదే కొలబద్ద అయిపోయింది. ఆ పరీక్షకి అది సరైన తయారీయే. సిక్సెస్‌కి కాదు. జట్టుకి గోలీతో (గోల్ కీపరుతో) కలిపి ఆరుగురు, 70 మీటర్ల పొడవు, 36 మీటర్ల వెడల్పు మైదానం, ఎనిమిదేసి నిమిషాల క్వార్టర్లు నాలుగు, బంతి జట్టుకి దక్కాక 30 సెకన్లలో షాట్ కొట్టాలి. 2023 అక్టోబరులో ముంబైలో కూర్చున్న అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కి ఆమోదించింది ఈ సిక్సెస్‌నే. పదేసి మంది ఆడే ఫీల్డ్ లాక్రోస్‌లో డిఫెండరు ఎక్కువసేపు తన సగంలో ఉండిపోగలడు. ఇక్కడ అయిదుగురూ దాడికీ పోవాలి, వెనక్కీ రావాలి. గోల్ పడ్డాక మధ్యలో ఫేస్ ఆఫ్ (ఇద్దరు బంతి కోసం పోటీపడి ఆట మొదలుపెట్టడం) కూడా ఉండదు, గోలీ బంతి అందించేస్తే ఆట మళ్ళీ మొదలు. అంటే ముప్పై నలభై మీటర్ల పరుగు, ఠక్కున ఆగడం, పక్కకి తిరగడం, ఊపిరి కుదుటపడకముందే మళ్ళీ పరుగు. ఈ వరసలో గ్రౌండు చుట్టూ ఒకే వేగంతో తిరిగే పని ఎక్కడా లేదు.

ఇప్పుడు మీ పిల్లలు ఎక్కడెక్కడినుంచి వచ్చారో చూడండి. కబడ్డీ కోర్టు పెద్దదైనా 13 మీటర్లు, 10 మీటర్లే. రైడ్ కూడా 30 సెకన్లే కాబట్టి ఆ తొందర వాళ్ళకి కొత్త కాదు, పక్కకి తప్పుకోవడం కూడా బాగా వచ్చు. కానీ ఆ కోర్టులో పూర్తి వేగం అందుకునే చోటే లేదు, అందుకే పూర్తి వేగం నుంచి ఆగడం వాళ్ళకి తెలీదు. ఖోఖో పిల్లలు స్తంభం పట్టుకుని తిరుగుతారు, ఇక్కడ పట్టుకోవడానికి స్తంభం లేదు. 400 మీటర్ల పిల్లలైతే ఆగడమే ఎరగరు, గీత దాటాక ఇంకో ఇరవై మీటర్లు ఊరికే పోనిస్తారు. వేగం రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. ఆ భారమంతా మోకాలి మీద, తొడ కండరాల మీద పడుతుంది. కాళ్ళు ముందుగా అలిసిపోయేది అందుకే.

ఆగడం నేర్పే వరస ఇది. మొదటి వారం అరుగు మీంచో మెట్టు మీంచో దిగడం. ఎత్తు 20 నుంచి 30 సెంటీమీటర్లు, అంతకన్నా వద్దు. ఎగరకుండా ఒక కాలు ముందుకి వేసి జారినట్టు దిగాలి, రెండు పాదాలూ ఒకేసారి ఆనాలి, రెండు సెకన్లు బొమ్మలా నిలబడాలి. అయిదేసి సార్లు, మూడు విడతలు. మీరు ఎదురుగా నిలబడి మోకాళ్ళు చూడండి. మోకాలు పాదం మధ్య వేలి వైపు ఉంటే మంచిదే, లోపలికి ముడుచుకుంటే ఆ పిల్ల లేదా పిల్లాడు తరవాతి మెట్టుకి పోకూడదు. దిగేటప్పుడు చప్పుడు వినండి. దబ్బుమని వినిపిస్తే కాళ్ళు కర్రల్లా బిగుసుకున్నాయన్నమాట.

రెండో వారం నుంచి పరిగెత్తి ఆగడం. ముందు 5 మీటర్లు, ఆ తరవాతి వారం 10, తరవాత 15, 20. గీత దగ్గర మూడు అంగల్లో ఆగాలి. చివరి అడుగులు పొట్టివి పడాలి, తుంటి కిందికి దిగాలి, ఛాతీ కొంచెం ముందుకి రావాలి. అందరూ చేసే తప్పు ఒకటే. నడుం నిటారుగా పెట్టి, ఆఖరి అడుగు బారుగా ముందుకి వేసి, మోకాలు చాపి మడమ పొడుస్తారు. మోకాలి స్నాయువు తెగేది ఎక్కువగా ఆ భంగిమలోనే. ఈ గాయం ఆడపిల్లల్లో మగపిల్లలకన్నా ఎక్కువ. వారానికి రెండు మూడుసార్లు, పది పదిహేను నిమిషాలు, వార్మప్‌లోనే ఈ దిగడం, ఆగడం చేయిస్తే తగ్గుతుంది. అందుకే దీన్ని విడి పాఠంగా కాకుండా వార్మప్‌లో కలిపేయండి, ఎగ్గొట్టే వీలుండదు. రోజుకి గట్టిగా ఆగడాలు ఎనిమిదితో మొదలుపెట్టండి, ఆరో వారానికి ఇరవై చాలు.

నాలుగో వారం నుంచి మలుపులు. ముందు 45 డిగ్రీల వాలు మలుపు, వారం తరవాత 90, ఆ తరవాతే పూర్తిగా వెనక్కి. ఆరో వారంలో స్టిక్ రెండు చేతులా పట్టుకుని అదే పని, తరవాత బంతితో. స్టిక్ పట్టుకోగానే చేతులు ఊగడం ఆగిపోతుంది, అప్పటిదాకా చక్కగా ఆగిన పిల్లలు కూడా తూలుతారు. అది మామూలే, రెండు వారాల్లో సర్దుకుంటుంది. చివరి మెట్టు, ఎటు తిరగాలో మీరు చివరి క్షణంలో చెయ్యెత్తి చూపించడం. కోన్‌ల చుట్టూ ముందే తెలిసిన దారిలో తిరగడం చూడ్డానికి బాగుంటుంది గానీ ఆటలో ఎదుటివాడు కోన్‌లా నిలబడడు.

తొడ వెనక పట్టేసిన ఇద్దరి సంగతి. రోజూ నిదానంగా రౌండ్లు కొడుతూ, పూర్తి వేగం ఆటరోజు మాత్రమే అందుకుంటే ఆ కండరం తయారుగా ఉండదు. దానికి మందు వారానికోసారి నిజమైన పూర్తి వేగమే. 20 మీటర్లు నెమ్మదిగా జోరందుకుని, తరవాతి 20 మీటర్లు ఉన్నదంతా పెట్టి పరుగు. మూడు లేదా నాలుగుసార్లు, మధ్యలో మూడు నాలుగు నిమిషాలు పూర్తి విశ్రాంతి. విశ్రాంతి కోసేస్తే అది వేగం పని కాకుండా పోతుంది. ఇప్పుడు నొప్పి ఉన్నవాళ్ళు జోరు పరుగు, వంగి సాగదీసినప్పుడు నొప్పి పూర్తిగా పోయాకే దీంట్లోకి రావాలి.

దానికి తోడు నార్డిక్ అనే తొడ వెనక కండరం కసరత్తు. మోకాళ్ళ మీద నిలబడాలి, కింద మడత పెట్టిన గోనె సంచి ఉంచండి. జతగాడు చీలమండలు గట్టిగా పట్టుకుంటాడు. మోకాలి నుంచి తలదాకా ఒకే గీతగా ఉంచి, వీలైనంత నెమ్మదిగా ముందుకి వాలాలి, ఇక ఆగలేనప్పుడు చేతుల మీద పడిపోవాలి. మొదటి వారం ఒక్కరోజే, అయిదేసి, రెండు విడతలు. రెండో వారం నుంచి రెండు రోజులు, ఆరేసి. నాలుగో వారానికి ఎనిమిదేసి, మూడు విడతలు. నడుం దగ్గర వంగి మోసం చేస్తారు, పక్కనుంచి చూడండి. మొదటిసారి చేసిన రెండో రోజు కూర్చోవడం కూడా కష్టంగా ఉంటుంది. అందుకే మొదటి వారం తక్కువ, మ్యాచ్‌కి ముందు రెండు రోజులు అసలే వద్దు.

కాలి ముందు ఎముక నొప్పికి కారణం గట్టి ఎర్రమట్టి మీద రోజూ పడుతున్న అడుగుల లెక్క. రౌండ్లూ స్కిప్పింగూ ఆపితే సగం తగ్గిపోతుంది. మిగతాది పిక్క బలం. మెట్టు అంచున మునివేళ్ళ మీద నిలబడి మడమలు ఎత్తడం, మోకాలు చాపి పదిహేను, మోకాలు కొంచెం వంచి పదిహేను, మూడేసి విడతలు. గోడకి వీపు ఆనించి, పాదాలు అడుగు దూరంలో పెట్టి, వేళ్ళు పైకెత్తడం ఇరవై, రెండు విడతలు. ఒక పరీక్ష తప్పనిసరిగా చెయ్యండి. ఎముక వెంబడి వేలితో నొక్కుతూ పోండి. జానెడు మేర అంతా సన్నగా నొప్పి అంటే పని తగ్గించి చూడొచ్చు. ఒకే చోట, వేలి కొన పట్టేంత మేర, నొక్కగానే కేక వేస్తే, లేదా రాత్రి పడుకున్నప్పుడూ నొప్పి ఉంటే ఎముకలో సన్న పగులు ఉండొచ్చు. ఆ పిల్లల పరుగు ఆ రోజే ఆపి ఎముకల డాక్టరుకి చూపించండి. మొదట్లో తీసిన ఎక్స్‌రేలో ఈ పగులు కనబడకపోవచ్చు, ఎక్స్‌రే బాగుంది కదా అని మళ్ళీ దించకండి.

ఇసుకలో పరిగెత్తిస్తే మంచిదా అని అడిగారు. భోగాపురం వైపు, కళింగపట్నం వైపు పిల్లలకి అది అలవాటే. అదురు తగ్గుతుంది, నిజమే. కానీ పిక్క, మడమ నరం మీద భారం పెరుగుతుంది, పాదం నేలమీద ఎక్కువసేపు ఉండిపోతుంది కాబట్టి వేగం రాదు. వారానికోసారి, ఇరవై నిమిషాలు, తడి ఇసుక మీద అయితే సరే.

ఇక బలం. బార్ ఉందన్నారు కాబట్టి అదృష్టవంతులే. పైగా బరువులెత్తడం నేర్పేవాళ్ళకి మన వైపు కొదవ లేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 110, 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఆడపిల్లలు బార్ పట్టడం ఊరివాళ్ళకి వింతే కాదు. అలాంటి శిక్షకుడెవరినైనా రెండు పూటలు పిలిపించి నడుం నిలిపి వంగడం, బార్ కిందికి దించడం పిల్లలకి చూపించమనండి. పుస్తకం చదివి నేర్పేకన్నా అది మేలు. బరువులెత్తితే ఎత్తు ఆగిపోతుందని తల్లిదండ్రులు భయపడతారు. అందుకు ఆధారం లేదు. పక్కన పెద్దవాళ్ళు ఉండి, పద్ధతి కుదిరాక బరువు పెంచితే ఈ వయసుకి పెద్ద ప్రమాదం లేదు. ఎవరూ లేనప్పుడు ఎవరెక్కువ ఎత్తుతారా అని పందెం వేసుకోవడమే ప్రమాదం. బార్ ఉన్న గదికి తాళం వెయ్యండి.

ఒక్క బార్‌తో పదహారు మందిని నడపాలంటే నలుగురేసి నాలుగు జట్లు చెయ్యండి. ఒక్కో చోట ఎనిమిది నిమిషాలు, సోమ, గురువారాలు. మొదటి చోట బార్‌తో రొమేనియన్ డెడ్‌లిఫ్ట్, ఎనిమిదేసి, మూడు విడతలు. మోకాలు కొంచెం మడిచి, తుంటి వెనక్కి పంపుతూ, బార్ తొడలకి రాసుకుంటూ మోకాలి కిందిదాకా దిగాలి. నేర్పేటప్పుడు లాక్రోస్ స్టిక్కే వెన్ను మీద నిలువుగా పెట్టండి. తల వెనక, రెక్కల మధ్య, నడుం చివర, మూడు చోట్లా తగులుతూ ఉండాలి, ఒక్కచోట ఎడమైనా నడుం గూని అయిందన్నమాట. రెండు వారాలు ఖాళీ బారే. బార్‌ని ముందు తూకం వేయించండి, అన్ని బార్‌లూ ఇరవై కిలోలు ఉండవు.

రెండో చోట ఇసుక బస్తా గుండెలకి హత్తుకుని కూర్చుని లేవడం, ఎనిమిదేసి. మీ పిల్లలు బస్కీలు తీసి ఉంటారు. తేడా ఏమంటే ఇక్కడ మడమలు నేల వదలకూడదు. ఉత్త సిమెంటు సంచీలో ఇసుక పోస్తే నెలలో చిరిగిపోతుంది. పది కిలోల ఇసుకని మందపాటి ప్లాస్టిక్ కవర్లో కట్టి, అలాంటివి రెండో మూడో గోనె సంచిలో పెట్టి మూతి కుట్టేయండి. పొడి ఇసుక లీటరు సుమారు 1.6 కిలో తూగుతుంది.

మూడో చోట వేపకొమ్మకో గోల్ పోస్టు అడ్డ కర్రకో పుల్ అప్‌లు. రానివాళ్ళు పైనుంచి అయిదు సెకన్లు లెక్కపెడుతూ కిందికి దిగడం నాలుగేసి సార్లు చెయ్యాలి. మధ్యలో దండీలు. నాలుగో చోట మోత. రెండు బకెట్ల నిండా నీళ్ళు, 20 మీటర్లు నాలుగుసార్లు, భుజాలు వాలకుండా, నీళ్ళు తొణకకుండా. పదిహేను లీటర్ల బకెట్ అంటే పదిహేను కిలోలు, చేతి పట్టుకి ఇంతకన్నా మంచి సాధనం కొనక్కర్లేదు. అక్కడే పక్కకి పడుకుని మోచేతి మీద ప్లాంక్, అంటే ఒళ్ళంతా ఒకే గీతగా ఎత్తి నిలపడం, ఒక్కో వైపు ఇరవై అయిదు సెకన్లు. గజ్జ కండరానికి కూడా ఒకటి ఉంది. పక్కకి పడుకుని, పై మోకాలు బెంచి మీద పెట్టి, తుంటి ఎత్తి పదిహేను సెకన్లు నిలపడం. తిరుగుళ్ళు ఎక్కువున్న ఆటలో గజ్జ పట్టేయడం మామూలు, ఇది దానికి కాపు.

ఎంత బరువు అంటే, విడత అయ్యేసరికి ఇంకా రెండుసార్లు ఎత్తగలను అనిపించేంత. మూడు విడతల్లోనూ ఎనిమిది శుభ్రంగా వస్తే తరవాతిసారి అయిదు కిలోలు, చేతుల పనికైతే రెండున్నర. ఆడపిల్లలకి వేరే పట్టిక అక్కర్లేదు, ఇదే నియమం.

వంద సిటప్‌లు తీసేయండి. లాక్రోస్‌లో నడుం మెలి తిరుగుతుంది, ఆ మెలికని ఆపుతుంది. సిటప్ చేసే మడత ఆ ఆటలో ఎక్కడా రాదు. పాత సైకిల్ ట్యూబు ఒక చివర కిటికీ ఊచకి కట్టి, ఊచకి పక్కగా నిలబడి, రెండో చివర రెండు చేతులా ఛాతీ దగ్గర పట్టుకుని నెమ్మదిగా ముందుకి చాపండి. ట్యూబు పక్కకి లాగుతుంది, నడుం తిరగకూడదు. ఒక్కో వైపు పదేసి, మూడు విడతలు.

షాట్ జోరు గురించి మీరు చేతులకి డంబెల్స్ కొనాలా అన్నారు. వద్దు. షాట్ పాదంలో మొదలవుతుంది. వెనక కాలు తోస్తుంది, ముందు కాలు నేలలో గుచ్చినట్టు ఆగుతుంది, తుంటి ఆగుతుంది, అక్కడ ఆగిన వేగమంతా పైకెక్కి భుజానికీ స్టిక్ కొసకీ చేరుతుంది. ముందు కాలు ఆగకుండా మెత్తగా మడుచుకుపోతే జోరు అక్కడే కారిపోతుంది. మొదట్లో చెప్పిన బ్రేకు ఇక్కడా అదే. దీనికి కావలసింది మూడు కిలోల మెడిసిన్ బాల్ (కసరత్తుకి వాడే బరువు బంతి), ఆడపిల్లలకి రెండు కిలోలు. పాత బాస్కెట్‌బాల్‌కి చిన్న కోత పెట్టి, ఊకా ఇసుకా కలిపి తూకానికి నింపి, పంక్చరు అతుకు వేస్తే సరిపోతుంది. గోడకి పక్కగా రెండు మీటర్ల దూరంలో నిలబడి, వెనక కాలి మీదకి బరువు తెచ్చి, ముందు కాలు వేస్తూ గోడకేసి కొట్టాలి. అయిదేసి, ఒక్కో వైపు మూడు విడతలు, ప్రతిదీ ఉన్న బలమంతా పెట్టి, విడతకీ విడతకీ నిమిషంన్నర. ఇరవైసార్లు చేయిస్తే అలుపే మిగులుతుంది, జోరు రాదు. అయిదు కిలోల బంతీ అంతే, కదలిక నెమ్మదిస్తుంది. ఎడమచేతి వైపు కూడా అన్నే సార్లు. ఒక్క చేత్తోనే షాట్ కొట్టేవాణ్ణి మంచి డిఫెండరు రెండు నిమిషాల్లో కట్టేస్తాడు.

దమ్ము పని మొదటి మూడు వారాలూ తేలికగా ఉంచండి. 100 మీటర్లు ముప్పావు వేగంతో, తిరిగి నడక, పది పన్నెండుసార్లు, వారానికి రెండు రోజులు. నాలుగో వారం నుంచి రెండు రకాలు. ఒకటి, 15 మీటర్లు పోయి గీత తొక్కి తిరిగి రావడం, ప్రతి 30 సెకన్లకీ మీ ఈల మీద ఒకసారి. ఆరుసార్లు ఒక విడత, మూడు నిమిషాలు విశ్రాంతి, రెండు విడతలు, తరవాత మూడు. మొదటి పరుగుకీ ఆఖరి పరుగుకీ తేడా మరీ ఎక్కువైతే ఆ రోజుకి ఆపేయండి.

రెండోది, 15 సెకన్లు పరుగు, 15 సెకన్లు నిలబడడం, ఆరు నిమిషాలు, మూడు నిమిషాల విశ్రాంతితో రెండుసార్లు. ఎంత దూరం అన్నది అందరికీ ఒకటే పెట్టకూడదు. ముందు 30-15 పరీక్ష పెట్టండి, ఫోన్‌లో దాని ఆడియో దొరుకుతుంది. 40 మీటర్ల మధ్య అటూ ఇటూ 30 సెకన్లు పరుగు, 15 సెకన్లు నడక. గంటకి 8 కిలోమీటర్ల వేగంతో మొదలై, దశకి అర కిలోమీటరు పెరుగుతుంది. ఒక పిల్లాడు 17 దగ్గర ఆగాడనుకోండి. 17ని 3.6తో భాగిస్తే సెకనుకి 4.7 మీటర్లు, 15 సెకన్లకి 71 మీటర్లు. అందులో 95 శాతం, అంటే 67 మీటర్ల దగ్గర అతని కోన్. 19 దగ్గర ఆగినవాడికి 75 మీటర్లు. ఇలా పెడితే 800 మీటర్ల పిల్లాడు హాయిగా తిరుగుతుంటే కబడ్డీ పిల్లాడు వాంతి చేసుకునే పరిస్థితి రాదు.

చిన్న మైదానంలో ముగ్గురు ముగ్గురి ఆట, 35 మీటర్లు, 25 మీటర్లు, మూడేసి నిమిషాలు నాలుగుసార్లు, అన్నిటికన్నా మంచిది. కానీ ఒక చిక్కుంది. బంతి పట్టడం కుదరని పిల్లలు ఆడితే బంతి ఎప్పుడూ నేలమీదే ఉంటుంది, అందరూ వంగి వెతుకుతుంటారు, దమ్ము పని జరగదు. మొదటి నాలుగు వారాలు స్టిక్‌లు పక్కనపెట్టి టెన్నిస్ బంతిని చేతులతో అందించుకుంటూ అదే ఆట ఆడించండి. పరుగు, ఖాళీ వెతుక్కోవడం, వెనక్కి రావడం అన్నీ వస్తాయి. మీ దగ్గర పన్నెండు స్టిక్‌లే ఉన్నాయన్న ఇబ్బంది కూడా తీరుతుంది.

గోలీకి ఇవేవీ ఇదే మోతాదులో వద్దు. ఒకటి రెండు మీటర్ల మొదటి అడుగు, తుంటి వదులు, గోడకి కొట్టిన టెన్నిస్ బంతిని రెండు చేతులతో మార్చి మార్చి పట్టడం, పది మీటర్ల పరుగు తీసి దూరం పాస్ ఇవ్వడం చాలు. అసలు సంగతి రక్షణ. గోలీకి క్రికెట్ హెల్మెట్ పెడతామన్నారు, అది పనికిరాదు. క్రికెట్ బంతి అడ్డకొలత సుమారు 7.2 సెంటీమీటర్లు, లాక్రోస్ బంతిది 6.3. క్రికెట్ బంతిని ఆపే కమ్మీల సందులోంచి ఇది లోపలికి దూరొచ్చు. బంతి గట్టి రబ్బరు, సుమారు 145 గ్రాముల బరువు. గొంతు కవచం, ఛాతీ కవచం ఉన్న సరైన గోలీ సామాను వచ్చేదాకా గోల్‌లోకి టెన్నిస్ బంతితోనే షాట్‌లు. ఛాతీకి బంతి తగిలి, గుండె కొట్టుకునే వరసలో ఒక ప్రత్యేక క్షణంలో తగిలితే, ఆరోగ్యంగా ఉన్న పిల్లల గుండె కూడా లయ తప్పి ఆగిపోగలదు. తగిలి కుప్పకూలితే నీళ్ళు చల్లుతూ కూర్చోకండి. ఒకరు 108కి ఫోన్, ఒకరు వెంటనే ఛాతీ మధ్య నొక్కడం, అయిదారు సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120సార్లు, సాయం వచ్చేదాకా.

ఎండ విషయంలో మన తీరప్రాంతానికి ఉన్న తేడా ఉక్క. చెమట పడుతుంది గానీ ఆరదు, ఒళ్ళు చల్లబడదు. సెలవుల తరవాత మొదటి పది పద్నాలుగు రోజులు పని సగంతో మొదలుపెట్టి పెంచండి. వారానికి ఒకరోజు ఆటకి ముందు, తరవాత పిల్లల్ని తూకం వెయ్యండి. కిలో తగ్గితే ఒంట్లోంచి లీటరు నీళ్ళు పోయినట్టు లెక్క. 55 కిలోల పిల్ల 1.1 కిలోకి మించి తగ్గితే మధ్యలో నీళ్ళు చాలలేదని అర్థం. తగ్గిన ప్రతి కిలోకీ లీటరుంబావు నుంచి లీటరున్నర, రెండు మూడు గంటల్లో నిదానంగా తాగించాలి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్ళకి, గ్లాసుకి కాదు. అది లేకపోతే లీటరుకి ఆరు తలగొట్టిన టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. ఉప్పేసిన మజ్జిగ కూడా బాగానే పనిచేస్తుంది. తూలుతూ పొంతన లేకుండా మాట్లాడే పిల్లాడు కనబడితే ముందు అక్కడే తొట్టిలోనో పంపు కిందో ఒళ్ళంతా చల్లబరచండి, 108 వచ్చేలోపు ఆ పని ఆగకూడదు.

నొప్పి మాత్రల అలవాటు మీ దగ్గర ఉందో లేదో రాయలేదు. ఉంటే ఆపించండి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు ఉద్దానం కిడ్నీ జబ్బుకి కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. కానీ ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీని దెబ్బతీయగలవన్నది మాత్రం తేలిన విషయమే. మెడికల్ షాపులో కొని ఆటకి ముందు వేసుకోవడం ఏ పిల్లలకీ మంచిది కాదు.

తిండికి పౌడర్లు అక్కర్లేదు. కిలో ఒంటి బరువుకి రోజుకి 1.6 గ్రాముల మాంసకృత్తులు లెక్క, 55 కిలోల వాళ్ళకి 88 గ్రాములు. గుడ్డులో ఆరు, వంద గ్రాముల వేరుశనగ పలుకుల్లో పాతిక, పావులీటరు పాలల్లో ఎనిమిది. చేపలు, ఉలవలు మన దగ్గర దొరికేవే. పొద్దున రాగి అంబలో చద్దన్నం పెరుగో, ప్రాక్టీసుకి గంట ముందు రెండు అరటిపళ్ళు. ఖాళీ కడుపుతో స్కూలు నుంచి నేరుగా గ్రౌండుకి వచ్చే పిల్లలే ముందుగా అలిసిపోతారు, మూడో క్వార్టర్ కథలో ఇదీ ఒక పాలు కావచ్చు.

వారం ఇలా సర్దండి. సోమవారం ఆగడం, బలం. మంగళ స్టిక్ పని, చిన్న ఆట. బుధ దమ్ము, తేలిక పాస్‌లు. గురు పూర్తి వేగం, బలం. శుక్ర స్టిక్ పని, మెడిసిన్ బాల్. శనివారం మ్యాచ్ లాంటి ఆట, ఆదివారం సెలవు. నాలుగో వారం నుంచి వారంలో రెండో రోజు దమ్ము పనికి మంగళవారం చిన్న ఆటే చాలు, విడిగా పరుగు వద్దు. నోటుబుక్కులో ప్రతి పిల్ల పేరు ఎదురుగా ఎంత కష్టంగా అనిపించిందో పదికి అంకె, దాన్ని నిమిషాలతో గుణించి రాయండి. తొంభై నిమిషాలు, ఆరు అంటే 540. పొద్దున కబడ్డీ ఇంకా ఆడుతున్నవాళ్ళది కూడా అందులోనే కలపాలి, గాయాలయ్యేది ఎక్కువగా వాళ్ళకే. పైడితల్లి పండక్కి నాలుగు రోజులు మానేసి వచ్చాక పాత లెక్కతో మొదలుపెట్టకుండా వారం వెనక్కి వెళ్ళండి. పదకొండో వారం విడతలు సగం చెయ్యండి, బరువూ వేగమూ తగ్గించకండి. పన్నెండో వారంలో బలం పని ఒక్క సోమవారమే, మూడేసి, రెండు విడతలు.

బూట్లు అడిగారు. ఎర్రమట్టి గట్టిగా ఉన్నన్నాళ్ళూ పొట్టి రబ్బరు గుబ్బలున్న టర్ఫ్ బూట్లు, 400 మీటర్ల పిల్లల స్పైక్‌లు వద్దు. స్పైక్ నేలలో దిగబడి పాదం ఆగిపోతే మోకాలు తిరుగుతుంది. వానపడి పైన జారుడుగా, కింద గట్టిగా ఉన్న రోజున మలుపులు మానేసి వరండాలో దిగడం, ట్యూబు, మోత పని చేయించండి.